కలల లోకానికీ కట్టుబాట్లుండాలి

ప్రతి శుక్రవారం రాత్రి మా ఇంటి బేస్‌మెంట్‌లో ఐదుగురం ఒక బల్ల చుట్టూ చేరి పాచికలు వేస్తాం. ఇది చదివి మా అమ్మ కంగారు పడనక్కరలేదు, డబ్బులేమీ పెట్టం. బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు, పెన్సిళ్ళు, కాసిని కాగితాలు, ఒక పళ్ళెంలో చేగోడీలు ఉంటాయి, అంతే. ఆడే ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి క్లయింటు ఊరు చేరి, గురువారం రాత్రికి ఇల్లు పట్టే కన్సల్టెంటు బతుకు నాది. వారం మొత్తంలో మనుషుల మొహాలు తీరిగ్గా చూసేది ఆ శుక్రవారం నాలుగు గంటలే.

ఆ ఆటలో నేను ఒక కలల లోకాన్ని కట్టాను. నిజానికి మూడుసార్లు కట్టాను. మొదటిసారి అందరికీ విసుగొచ్చింది. రెండోసారి ఒక స్నేహితుడు బల్ల దగ్గర్నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూడోసారి కుదిరింది. ఈ మూడింటి మధ్య నాకు తెలిసొచ్చిన సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆట ఆడనివాళ్ళకి కూడా ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఎంతైనా, ఇంకొకళ్ళు తిరగాల్సిన లోకాలకి రూల్స్ రాయడమే కదా మనలో చాలామంది చేసే ఉద్యోగం!

ముందుగా ఆట సంగతి

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో అచ్చయింది. ఇందులో గెలుపోటములంటూ ఉండవు. తలా ఒక పాత్రని తీసుకుంటారు: ఒకరు కత్తి తిప్పే వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ, ఇలా. ఒక్కరు మాత్రం ఏ వీరుడి పాత్రా తీసుకోకుండా, వాళ్ళు తిరిగే లోకాన్నీ, అందులో ఎదురయ్యే మనుషుల్నీ, రాక్షసుల్నీ, వానల్నీ, వాగుల్నీ నడిపిస్తారు. ఆట పరిభాషలో ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. నాకు మాత్రం మన నాటకాల్లోని సూత్రధారి అనే మాటే బాగుంటుంది. "మీ ముందు ఒక పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. "గోడ ఎక్కుతాను" అంటాడు ఆటగాడు. ఎక్కగలిగాడో లేదో పాచిక తేలుస్తుంది. ఇలా వారం వారం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగే కథని క్యాంపెయిన్ అంటారు.

నేను 2012లో ఎం.ఎస్. చేయడానికి వచ్చాను. 2014లో ఐదో ఎడిషన్ వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో అమెరికన్ సహాధ్యాయులు కొందరు కొత్తగా ఒక జట్టు కట్టి, మనిషి తక్కువై నన్ను లాగారు. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు అయ్యాక నేనే ఒక తెలుగు జట్టు కూర్చాను. మా ఆవిడ మంత్రగత్తె. కరీంనగర్ మిత్రుడు దొంగ (పాత్రే సుమండీ). గుంటూరాయన వీరుడు. నాలుగో ఆటగత్తె విశాఖ అమ్మాయి, టెస్టింగ్‌లో పనిచేస్తుంది. నేనేం రూల్ పెట్టినా అందులో కన్నం వెతకడం ఆవిడకి వృత్తిరీత్యా వచ్చిన అలవాటు.

మొదటి కల: ఏదైనా జరగొచ్చు

కథలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో పిల్లలు పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఉండిపోయారు, లేవడం లేదు. వాళ్ళని వెతుక్కుంటూ మావాళ్ళు కలలోకి వెళ్ళాలి. సూత్రధారికి ఇంతకంటే పండగేముంది? కల కాబట్టి ఏదైనా జరగొచ్చు. ఒక వారమంతా హోటల్ గదిలో కూర్చుని వంద వింతల జాబితా రాసుకున్నాను. మెట్లు పైకి ఎక్కితే కిందికి దిగుతారు. చేపలు ప్రవచనం చెబుతాయి. చంద్రుడు కన్ను కొడతాడు. వాటిలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచడానికి పదిహేను లైన్ల పైథాన్ ప్రోగ్రాం కూడా రాశాను.

శుక్రవారం ఆడించాను. మొదటి పది నిమిషాలు నవ్వారు. అరగంటకి ఫోన్లు బయటికొచ్చాయి. గంటకి కరీంనగర్ మిత్రుడు మర్యాదగానే అన్నాడు: "అన్నా, బుర్ర పెట్టి బాగనే రాసినవ్ గని, నీ కలల మేమేం జేసినా ఫరక్ పడ్తలేదు."

ఆ రాత్రి చేగోడీల పళ్ళెం తీస్తూ మా ఆవిడ అదే మాట ఇంకో రకంగా అంది. "ఇందులో మేం ఆడిందేముంది? నువ్వు చెప్పావు, మేం విన్నాం."

నిజమే. సి భాషలో ప్రోగ్రాములు రాసినవాళ్ళకి నిర్వచించని ప్రవర్తన అంటే ఏమిటో తెలుసు. భాష నియమాలు ఏమీ చెప్పని పని చేస్తే ఫలితం ఏదైనా కావచ్చు. దాన్ని చూసి మనం చిరాకుపడతాం, తిట్టుకుంటాం, దాని జోలికి పోకుండా ఉంటాం. అంతేగాని దానితో ఎత్తుకి పైయెత్తు వేయలేం. నా కలల లోకం అలాంటిదే. ఇప్పుడు చేసినదానికీ తర్వాత జరగబోయేదానికీ సంబంధం లేనప్పుడు జాగ్రత్తగా ఉండటంలో అర్థం లేదు. జాగ్రత్త అక్కరలేని చోట భయమూ ఉండదు.

నియమం తెలిసినవాడికే భయం

ఇక్కడ చాలామంది సూత్రధారులు నాతో విభేదిస్తారు. కలకి తర్కం ఉండదు, నియమాలు పెడితే అది కలే కాదు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గుర్తుండిపోయిన కలల కథల్ని వరసగా పెట్టి చూస్తే వేరే సంగతి కనబడింది.

లూయీ కారొల్ 1871లో రాసిన అద్దం అవతలి ఆలిస్ కథ పైకి పిచ్చిపిచ్చిగా ఉంటుంది. కింద ఉన్నది చదరంగం బల్ల. ఆలిస్ ఒక బంటు. గడి తర్వాత గడి దాటుకుంటూ ఎనిమిదో గడికి చేరి రాణి అవుతుంది. వెస్ క్రేవెన్ 1984లో తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' సినిమాని ఒక్క నియమం మోస్తుంది: కలలో వాడు చంపితే నిజంగానే చస్తారు. ఆ ఒక్కటి తెలిశాక తెరమీద ఎవరైనా ఆవులిస్తే చాలు, చూసేవాళ్ళకి చెమట పడుతుంది. రాబర్ట్ జోర్డన్ 1990లో మొదలుపెట్టిన 'ది వీల్ ఆఫ్ టైమ్' నవలల్లోని కలల లోకంలో కూడా అంతే, అక్కడ తగిలిన దెబ్బ లేచాక కూడా ఉంటుంది.

మన యోగవాసిష్ఠంలో లవణుడనే రాజు కథ వీటన్నిటికంటే పాతది, నా దృష్టిలో వీటన్నిటికంటే గట్టిది కూడా. నిండు సభలో ఒక ఇంద్రజాలికుడు నెమలి పింఛం ఊపుతాడు. రాజు కాసేపు కొయ్యబారిపోతాడు. ఆ కాసేపట్లోనే గుర్రమెక్కి వింధ్యాడవిలో చిక్కుకుని, ఆకలికి తాళలేక తిండి పెట్టిన చండాల కన్యని పెళ్ళాడి, ఏళ్ళ తరబడి కాపురం చేసి, పిల్లల్ని కని, కరువొచ్చి ఆకలితో మాడే పిల్లల కోసం మంటలో దూకబోయి మేలుకుంటాడు. అక్కడితో ఆగితే అది మామూలు కలే. మర్నాడు రాజు ఆ అడవికి వెళ్ళి చూస్తాడు. ఆ పల్లె ఉంది. పోయినవాళ్ళని తలచుకుని ఏడుస్తున్న ముసలి అత్తగారూ ఉంది. మెలకువ వచ్చినా కల వదలలేదు.

ఈ కథలన్నిటిలోనూ కల ఎంత వింతగా ఉందన్నది రెండో విషయం. ఏ నియమం ప్రకారం నడుస్తోంది, లేచాక ఏం మిగులుతుంది అన్నవే భయాన్ని పుట్టిస్తున్నాయి. ప్రొడక్షన్ సర్వర్‌లో సర్వాధికారాలూ ఉన్న పాస్‌వర్డ్ చేతికిస్తే కొత్తగా చేరిన కుర్రాడికి భయం ఉండదు. ఏ కమాండ్ దేన్ని తుడిచేస్తుందో తెలిసిన సీనియర్ ఎంటర్ కొట్టే ముందు మూడుసార్లు చూసుకుంటాడు.

లేచాక మిగిలేదేమిటి అన్న ప్రశ్నకి జవాబు ఆట పుస్తకంలోనే ఉంది, నేనే సరిగ్గా చదవలేదు. ఐదో ఎడిషన్‌లో పాత్రలకి తగిలిన దెబ్బలు మానాలన్నా, వాడేసిన మంత్రాలు తిరిగి రావాలన్నా ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ కావాలి. అందులో ఎక్కువ భాగం నిద్రే. పరాయివాళ్ళ కలలోకి చొరబడే డ్రీమ్ అనే మంత్రం అందులో ఉంది. దాన్ని పీడకలగా ప్రయోగిస్తే, తట్టుకోలేనివాడికి లేచాక కొంత దెబ్బ తగులుతుంది. దెబ్బ కంటే పెద్ద శిక్ష ఏమిటంటే, ఆ నిద్రకి ఫలితం దక్కదు. నైట్ హ్యాగ్ అనే దయ్యపు ముసలిది చేసేదీ అదే. నిద్రలో ఒక గంటసేపు వేధిస్తే చాలు, విశ్రాంతి పోతుంది, ఒంట్లో ఉండగలిగే గరిష్ఠ ప్రాణబలం కూడా కాస్త తరుగుతుంది. అలా రాత్రి తర్వాత రాత్రి తరిగి సున్నాకి వస్తే మనిషి పోతాడు.

మన భాషలో చెప్పాలంటే ఆ లోకంలో నిద్ర ఒక బ్యాకప్. పీడకల దాడి చేసేది సర్వర్ మీద కాదు, బ్యాకప్ తీసే వేళ మీద. పేజర్ డ్యూటీ చేసినవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి మూడింటికి వచ్చిన సమస్య ఎంత చిన్నదైనా, తర్వాతి రోజంతా మన చేతిలోంచి పోతుంది.

రెండో కల: ఫోను మోగింది

ఇదంతా ఆలోచించాక కలని గట్టిగా కట్టాను. నిద్ర దక్కదు, దెబ్బలు మానవు. నియమాలు కుదిరాయి. అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ పోయినసారి విసుగెత్తించానన్న ఉక్రోషం ఉంది. ఈసారి నిజంగా భయపెట్టాలనుకున్నాను.

గుంటూరాయన వాళ్ళ నాన్నగారు అంతకు రెండేళ్ళ ముందు పోయారు. రాత్రి రెండింటికి ఫోనొచ్చింది. టికెట్ దొరికి, విమానాలు మారి, ఈయన ఇంటికి చేరేసరికి మూడో రోజు. అంతా అయిపోయింది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ రాత్రి ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపింది నేనే.

దేశం కాని దేశంలో ఉన్న మనందరికీ ఉమ్మడిగా ఉన్న భయం ఏదైనా ఉంటే అది ఆ ఫోనే. అందుకని నా కలలో, కత్తులూ కోటలూ తప్ప వేరే ఏమీ లేని ఆ లోకంలో, చీకటి గదిలో ఒక ఫోను పెట్టాను. అది మోగింది. వీరుడు ఎత్తాడు. అవతల ఒక ఆడగొంతు "ఒరే, నాన్నగారికి..." అని ఆగిపోయింది. ఆ గొంతు నేనే చేశాను. బాగా చేశాననుకున్నాను.

బల్ల దగ్గర ఎవరూ కదల్లేదు. ఒక అర నిమిషం నాకు గర్వంగా అనిపించింది, భయపెట్టగలిగాను కదా అని. ఆ అర నిమిషాన్ని నేను ఇంకా మరిచిపోలేదు. గుంటూరాయన పాచిక బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి చూస్తే డ్రైవ్‌వేలో తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. క్షమించమన్నాను. "నీకు తెలిసి కూడా చేశావు కదా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అనాల్సింది ఇంకేమీ లేదు కూడా.

ముడిసరుకు ఎవరిది?

తర్వాత చాలా రోజులు ఇదే ఆలోచన. ఇందాక చెప్పిన ఎల్మ్ స్ట్రీట్ సినిమా వెనక ఒక కథ ఉంది. లావోస్ యుద్ధం నుంచి పారిపోయి అమెరికా చేరిన శరణార్థుల్లో, ముఖ్యంగా హ్మోంగ్ ప్రజల్లో, 1970ల చివర్లో, 1980ల మొదట్లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు నిద్రలోనే చనిపోవడం మొదలైంది. ఈ మరణాల గురించి 1981లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం కూడా నివేదిక వెలువరించింది. తర్వాతి కాలంలో వైద్యులు ఇలాంటి మరణాలని గుండె లయ తప్పే బ్రుగాడా సిండ్రోమ్‌తో ముడిపెట్టారు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన అలాంటి వార్తలే తన సినిమాకి బీజమని క్రేవెన్ తర్వాత చెప్పాడు.

సినిమా తీయడం తప్పని నేననను. ఆయన ఆ మనుషుల పేర్లు వాడలేదు, వాళ్ళని కూర్చోబెట్టి చూపించలేదు, ఒక కొత్త కథ కట్టాడు. నేను చేసింది అది కాదు. ఎవరి గాయమో వాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ చేతే ఆ ఫోను ఎత్తించాను. సినిమా నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. నా బల్ల దగ్గర నలుగురు స్నేహితుల మధ్య, కథ నడిపేవాడు స్నేహితుడైనప్పుడు, లేచి వెళ్ళడం ఎంత కష్టమో ఆ మెట్లెక్కిన మనిషికే తెలియాలి.

ఈ సమస్య నాతో మొదలైంది కాదు. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రూపకర్త 2003లోనే గీతలు, తెరలు అనే పద్ధతి చెప్పాడు. అసలు కథలోకి రాకూడని విషయాలకి గీత గీయాలి, రావచ్చుగాని వివరంగా వర్ణించకూడని వాటికి తెర వేయాలి. జాన్ స్టావ్రోపౌలోస్ 2013లో ఎక్స్ కార్డ్ తెచ్చాడు. బల్ల మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది. ఎవరు దాన్ని ముట్టుకున్నా, కారణం చెప్పనక్కరలేకుండా, ఆ విషయం కథలోంచి తీసేస్తారు.

ఇవి భయాన్ని నీరుగార్చేస్తాయని వాదించేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. సీటు బెల్టు ఉన్న రోలర్ కోస్టర్ మీదే జనం ధైర్యంగా కేకలు వేస్తారు. కానీ నా అభిప్రాయంలో ఎక్స్ కార్డ్ ఒక ఎక్సెప్షన్ హాండ్లర్. ఉండి తీరాలి. ఉంది కదా అని ప్రోగ్రాం ఎలా పడితే అలా రాయకూడదు. ఆ రోజు మా బల్ల మీద కార్డు ఉన్నా, అది ముట్టుకునేసరికే ఫోను మోగి ఉండేది. తప్పు అంతకు ముందే, హోటల్ గదిలో నేను రాసుకున్న కాగితం మీదే జరిగింది.

అప్పుడు నా రెండు వైఫల్యాలూ ఒకటేనని తోచింది. మొదటి కలలో ఏ వింతనైనా తేగల అధికారం నా చేతిలో పెట్టుకున్నాను. రెండో కలలో ఏ భయాన్నైనా వాడుకోగల అధికారం నా చేతిలో పెట్టుకున్నాను. కల అనే మాట అడ్డం పెట్టుకుని రెండుసార్లూ నా చేతులకి కట్లు లేకుండా చేసుకున్నాను. మామూలు కోటలో అయితే గోడ గోడలా ఉండాలి, మనిషి మనిషిలా మాట్లాడాలి, కాబట్టి సూత్రధారికి తెలియకుండానే కొంత అదుపు ఉంటుంది. కలలో ఆ అదుపు ఉండదు. అందుకే కలల లోకానికి మామూలు లోకం కంటే ఎక్కువ నియమాలు కావాలి. అవి ముందుగా సూత్రధారిని కట్టేసేవి కావాలి.

మూడో కల: నాలుగోజాము

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మా అమ్మమ్మ అనేది. మీ ఇళ్ళల్లోనూ అనే ఉంటారు. మొదటి జాము కల ఆలస్యంగా ఫలిస్తుందనీ, తెల్లవారే కొద్దీ ఫలితం దగ్గరవుతుందనీ స్వప్నశాస్త్రం. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, ఆటకి ఇంతకంటే మంచి నియమం నాకు దొరకలేదు. కొత్త లోకానికి నాలుగోజాము అని పేరు పెట్టాను. నియమాలన్నీ ఒక అట్ట మీద రాసి గోడకి అంటించాను. అవి ఇవీ.

ఒకటి. కలలోకి ఎంతమంది వెళ్ళినా ఒకరు బయట మేలుకుని కాపలా ఉండాలి. నిద్రపోయినవాళ్ళని లేపగలిగేది వాళ్ళొక్కరే. లేపితే అందరూ ఒక్కసారే లేస్తారు. కాపలా ఉన్నవాళ్ళకి ఆ రాత్రి విశ్రాంతి లేదు.

రెండు. రాత్రికి నాలుగు జాములు. ఒక్కో జాము బల్ల దగ్గర ఇరవై నిమిషాలు. వంటింట్లో వాడే టైమర్ పెడతాను, ఎవరి కోసమూ ఆపను.

మూడు. మొదటి జాములో జరిగింది ఏదీ లేచాక మిగలదు. రెండో జాములో అడుగు పెడితే ఆ నిద్రకి విశ్రాంతి ఫలితం పోతుంది. మూడో జాములో అక్కడివాళ్ళు దారి ఇవ్వడానికి జ్ఞాపకాలు అడుగుతారు. నాలుగో జాములో జరిగింది నిజమవుతుంది. గాయమైతే గాయం, చావైతే చావు. బయటికి తెచ్చుకున్నది ఏదైనా ఉంటే అదీ నిజమే.

నాలుగు. ప్రతి ఆటగాడూ తన పాత్రకి సంబంధించిన ఐదు జ్ఞాపకాలు ఐదు కార్డుల మీద రాసుకు రావాలి. మూడో జాములో ఇవ్వాల్సింది వాటిలోంచే. ఏది ఇవ్వాలో ఆటగాడి ఇష్టం. ఇచ్చిన కార్డు చింపేస్తాం. పాత్రకి ఇక అది గుర్తుండదు. ఐదూ అయిపోయినవాళ్ళు లేవరు, అక్కడివాళ్ళలో కలిసిపోతారు.

ఐదు. కలలో ఆటగాళ్ళకి ఎదురయ్యే సొంత విషయాలు ఆ కార్డుల మీద ఉన్నవే. కార్డు మీద లేనిదాన్ని సూత్రధారి తేకూడదు.

ఐదో నియమం నాకు సంకెల. నా ముడిసరుకు ఏమిటో వాళ్ళే నిర్ణయిస్తారు. భద్రతా పరిభాషలో చెప్పాలంటే, ఇంతకు ముందు నేను అన్నీ తెరిచి ఉంచి, కొన్నింటిని మాత్రం మూస్తున్నాను. ఇప్పుడు అన్నీ మూసి ఉంటాయి, వాళ్ళు తెరిచినవే తెరుచుకుంటాయి.

విశాఖ అమ్మాయి వెంటనే అడిగింది, "అసలు నిద్రే పోకపోతే?" పోకపోవచ్చు. కానీ నిద్ర లేకపోతే అలసట వస్తుంది. ఆటలో అలసటకి ఆరు మెట్లున్నాయి, ఆరో మెట్టు మరణం. ఆవిడ రెండో ప్రశ్న, "ఐదు పనికిమాలిన జ్ఞాపకాలు రాసుకొస్తే?" రాసుకోవచ్చు. అది వాళ్ళ హక్కు. విచిత్రమేమిటంటే ఎవరూ అలా రాయలేదు. రాయమని అడిగితే దాచుకునే మనుషులే, రాయకపోయినా ఫరవాలేదంటే మనసులో మాటే రాశారు.

గుంటూరాయన్ని పిలవడానికి నాకు మొహం చెల్లలేదు. నియమాల అట్ట ఫోటో తీసి పంపాను. రెండు రోజులయ్యాక "వస్తా" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

విశాఖ అమ్మాయి కాపలా. మిగతా ముగ్గురూ లోపల. మొదటి జాము గబగబా గడిచింది. రెండో జాము మొదలయ్యే ముందు టైమర్ మోగితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు లేస్తే నష్టం లేదు, కానీ పిల్లలు ఇంకా లోపలే ఉన్నారు. ముందుకే వెళ్ళారు. మొదటి కలలో వంద వింతలు చేయలేని పని ఆ చిన్న గంట చేసింది.

మూడో జాములో ఒక వంతెన. వంతెన కాపరి తలా ఒక జ్ఞాపకం అడిగాడు. మంత్రగత్తె తను మొట్టమొదట చూసిన మంచు వానని ఇచ్చింది. దొంగ తన మొదటి దొంగతనాన్ని ఇచ్చాడు. గుంటూరాయన తన ఐదు కార్డులూ బల్ల మీద పరిచాడు. వాటిలో ఒకదాని మీద "నాన్న నన్ను పిలిచే పేరు" అని ఉంది. నేను ఆ కార్డు వైపు చూడకుండా ఉండటానికి చేతనైనంత ప్రయత్నం చేశాను. వంతెన కాపరి గొంతుతో "ఏదైనా ఒకటి" అని మాత్రం అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి "గురువు దగ్గర కత్తి నేర్చుకోవడం" అన్న కార్డు తీసి చింపాడు.

"అన్నా! కత్తి పట్టుడే మర్చిపోతే ముంగట ఎట్లనే?" కరీంనగర్ మిత్రుడు దాదాపు లేచి నిలబడ్డాడు.

"అది మళ్ళీ నేర్చుకోవచ్చు" అన్నాడు గుంటూరాయన.

జట్టులో అందరికంటే బలమైనవాడికి కత్తి ఎటు పట్టుకోవాలో తెలియదు. ఇంకా ఒక జాము ఉంది. ఈ పరిస్థితి నేను రాసింది కాదు, రాయమన్నా రాయలేను. మూడో జాము చివరి గంట మోగినప్పుడు అందరి కళ్ళూ విశాఖ అమ్మాయి మీద పడ్డాయి. ఆవిడ పాత్రకి లోపల జరిగేది తెలియదు. నిద్రలో వీరుడి చెయ్యి కత్తి పిడి మీంచి జారిపోవడం మాత్రం కనబడుతుంది. లేపాలా, వద్దా? మామూలుగా నా నియమాలతో ఆడుకునే మనిషి ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడలేదు. లేపలేదు.

పిల్లలు బయటికొచ్చారు. మా ఆవిడ మంత్రగత్తెకి ఎడమ చెయ్యి పోయింది, అది ఇప్పటికీ పోయినట్టే ఉంది. ఆ నెలంతా కథ నడిచింది వీరుడు మళ్ళీ కత్తి నేర్చుకోవడం మీదే.

నేను చెప్పదలుచుకున్నది

ఆ రాత్రి నేను వాడిన వింతలు పట్టుమని పది లేవు. ఎవరి రహస్యాన్నీ తవ్వలేదు. అయినా అందరూ భయపడ్డారు. వాళ్ళు భయపడింది నాకు కాదు, గోడ మీది అట్టకి. పాత్రలకి ప్రమాదం పెరిగింది, బల్ల చుట్టూ ఉన్న మనుషులకి ప్రమాదం తగ్గింది. రెండూ ఒకే నియమాల వల్ల జరిగాయి. రక్షణ పెంచితే భయం తగ్గుతుందనేవాళ్ళకి నా దగ్గర ఉన్న జవాబు ఇదే.

కలల లోకం కట్టబోయే సూత్రధారులకి నాదొక్కటే సలహా. రాక్షసుల జాబితా రాసే ముందు మీరు చేయకూడని పనుల జాబితా రాసుకోండి. అది మీ ఆటగాళ్ళకి చూపించండి. నియమం ముందే చెబితే ఆశ్చర్యం పోతుందని బెంగపడకండి. టైమర్ మోగుతుందని తెలిసి కూడా మావాళ్ళు మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డారు.

పగలు మనం చేసే పనికి కూడా ఇది వర్తిస్తుందనుకుంటాను. వాడేవాళ్ళ గురించి మన డేటాబేసుల్లో ఏమేం ఉంటుందో మనకి తెలుసు. ఎవరు దేనికి కంగారు పడి బటన్ నొక్కుతారో కూడా లెక్కలు కట్టగలం. తెలుసు కాబట్టి వాడుకోవచ్చా అన్న ప్రశ్న మీటింగుల్లో అరుదుగా వస్తుంది. నాకు ఆ ప్రశ్న ఒక డ్రైవ్‌వేలో ఎదురైంది.

ఇంతకీ, వచ్చే శుక్రవారం నుంచి విశాఖ అమ్మాయి సూత్రధారి. ఇన్నాళ్ళకి నేను ఆటగాడిగా కలలోకి వెళ్ళబోతున్నాను. ఐదు కార్డులు రాసుకు రమ్మంది. నాలుగు రాశాను. ఐదోది ఇంకా ఖాళీగానే ఉంది.